జగిత్యాల కోట – పారిసు నగరము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి విదేశయానము క్రొత్త విషయము గాదు. 1970వ దశకము మొదలుకొని ఈ సీమలోని పల్లెలనుండి వేలకొలది జనులు దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అరేబియా మొదలగు చోట్లకు పనికై పోవుచున్నారు. ఏ యూరికి పోయినను, తండ్రియో అన్నయో గల్ఫుదేశములలో నున్నాడని చెప్పు పిల్లలు కనబడుదురు. కాని వారు పోవునది బ్రతుకుతెరువునకై, చూచుటకై కాదు. పదియేండ్లొక నగరమున నుండియు, పనిచోటును పండుకొను గదిని తప్ప మరేమియు నెరుగక తిరిగివచ్చినవారు వారిలో నెందరో కలరు. అది వారి దోషము గాదు. చూచుటకు కన్నులుండిన జాలదు, తీరిక కూడ నుండవలెను.

ఆ యిండ్ల పిల్లలే చదువుకొని ఉద్యోగములలో ప్రవేశించిన పిదప, నాలుగుదినముల సెలవు దొరికినపుడు ఒక దూరనగరమును జూచుటకే ప్రయాణమగుచున్నారు. సెలవు స్వల్పము, నగరము మహానగరము. అన్నియు జూడవలెనని పరుగులెత్తినవాడు ఏదియు జూడకయే మరలివచ్చును. ఏమి చూడవలెను? ఎట్లు చూడవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు ఐరోపాలోని ప్రాచీన రాజధానులలో పారిసు మంచి యుదాహరణము. ఏలయన, పారిసును జూచుటకు వలసిన మొదటి పాఠము జగిత్యాల పట్టణముననే రాతితో కట్టబడి యున్నది.

కోట చెప్పు పాఠము

జగిత్యాలలో నొక కోట కలదు. సుమారు 1747లో ఎలగందుల సుబేదారగు ఇబ్రహీంఖాను ధంసా దానిని కట్టించెననియు, ఫ్రెంచి ఇంజనీర్లు దాని నమూనాను గీసిరనియు చెప్పుదురు. వారిలో నొకనిపేరు జాక్, రెండవవానిపేరు తాల్ అనియు, ఆ రెండు పేర్ల కలయికవలననే ‘జగిత్యాల’ యను పేరు వచ్చెననియు జనులు కథగా జెప్పుకొందురు. మరికొందరు ఈ మాట నంగీకరింపరు. జగిత్యాలకు చేరువనున్న పొలాస ఒకప్పుడు ఒక చిన్న రాజ్యమునకు రాజధానియనియు, అచ్చటి ప్రభువైన జగ్గదేవుని పేరే ఈ యూరికి వచ్చెననియు వారందురు. పేరునుగూర్చిన కథలలో ఏది నిజమైనను, కోట ఆకారమును జూచినచో దాని వంశము ఇట్టే తెలియును. అది నక్షత్రాకారముగా నున్నది. చుట్టును కందకము కలదు.

కోటకు నక్షత్రాకారమెందుకు? అందముకొరకు గాదు. గోలకొండయందును, మానేటియొడ్డున నున్న ఎలగందుల కోటయందును బురుజులు గుండ్రముగా నుండును. గుండ్రని బురుజున కొక లోపము కలదు. దాని ముందుభాగమున, సరిగా మొదట నిలిచిన శత్రువు పైనున్నవారికి గనబడడు. ప్రక్క బురుజులలోని వారికిని గనబడడు. ఆ చాటున జేరి శత్రువు గోడను త్రవ్వవచ్చును, మందుపెట్టి పేల్చవచ్చును. అదియుగాక, ఫిరంగులు వచ్చిన పిదప ఎత్తైన గోడయే అపాయకరమయ్యెను. గోడ యెంత యెత్తో, గురి యంత సులభము. అది కూలినపుడు పడు రాళ్లే కందకమును పూడ్చి శత్రువునకు దారి యగును.

ఈ చిక్కులకు పరిష్కారముగా, గుండ్రని బురుజునకు బదులు మొనదేలిన బురుజును కట్టుట ఇటలీదేశమున 15వ శతాబ్ది చివరిభాగమునను 16వ శతాబ్దియందును ఆరంభమయ్యెను. బురుజు బాణపు మొనవలె ముందుకు పొడుచుకొని వచ్చును. దాని రెండు ముఖములును తిన్నగా నుండుటచే, ఇరుగుపొరుగు బురుజులపై నున్నవారు వానిపొడవునను గురిచూచి కాల్చగలరు. దాగుటకు జానెడు చోటైనను మిగులదు. ఒక్కొక్క బురుజు తన్ను తాను కాపాడుకొనదు. పొరుగు బురుజును కాపాడును, పొరుగుచే కాపాడబడును. గోడ తక్కువ యెత్తు, ఎక్కువ మందము. వెడల్పైన కందకము శత్రువును దూరముగా నిలుపును.

ఈ విద్యను పరాకాష్ఠకు దెచ్చినవాడు ఫ్రాన్సు రాజైన పదునాల్గవ లూయీ కొలువులోని వోబాను అను ఇంజనీరు (1633–1707). అతడు తన జీవితకాలమున నూటయేబదికి పైగా కోటలను కట్టెను, లేదా బాగుచేసెను. వానిలో పండ్రెండు చోట్లను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. జగిత్యాల కోటను గీసినవారెవరైనను, ఆ శాస్త్రమునే యిచ్చట బ్రయోగించిరి. పారిసుకు పోవు జగిత్యాల విద్యార్థి, అందుచేత, పరాయి యూరికి పోవుచున్నవాడు గాడు. తన యూరి కోటకు సంబంధించిన పుట్టింటికి పోవుచున్నవాడు.

ప్రయాణము

2017లో పూర్తియైన పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గముననే జగిత్యాల, కోరుట్ల పట్టణములు ఉన్నవి. అయినను హైదరాబాదునకు పోవువారిలో పెక్కుమంది బస్సునే ఆశ్రయింతురు. పసుపుచేల నడుమనుండి సాగు ఆ దారి చివర శంషాబాదు విమానాశ్రయము. పారిసు అచ్చటినుండి ఆకాశమార్గమున సుమారు 7,500 కిలోమీటర్ల దూరముననున్నది. పాసుపోర్టుతోపాటు ‘షెంగెన్’ వీసా యనబడు అనుమతిపత్రము కూడ కావలెను. ఈ యొక్క పత్రముతో ఫ్రాన్సునే గాక ఆ కూటమిలోని ఇతర ఐరోపా దేశములను గూడ చూడవచ్చును.

హైదరాబాదునుండి ఐరోపాకు పోవువారిలో పలువురు దుబాయి, దోహా, అబూధాబి వంటి గల్ఫు విమానాశ్రయములలో దిగి విమానము మారుదురు. చూచుటకై పోవువాడును, పనికై పోవువాడును అంతవరకు ప్రక్కప్రక్కనే కూర్చుందురు. అచ్చట నొకడు బయటికి పోవును, మరియొకడు ముందునకు సాగును. దుబాయిలోని మహోన్నత భవనమునకు ‘బుర్జ్ ఖలీఫా’ యని పేరు. అందలి ‘బుర్జ్’ అను అరబ్బీ శబ్దమే పారసీకముద్వారా మన భాషలోనికి వచ్చి ‘బురుజు’ అయినది. జగిత్యాల కోట బురుజును, ఆ మేడయు నొక్క మాట బిడ్డలే.

పారిసు నగరము భూమధ్యరేఖకు ఉత్తరమున దాదాపు 49వ అక్షాంశముననున్నది. జగిత్యాల 19వ అక్షాంశమునకు చేరువ. కావున జూను మాసమున పారిసులో రాత్రి పది గంటలకు సమీపించువరకు వెలుతురుండును. డిసెంబరులో సాయంకాలము అయిదు గంటలకే చీకటి పడును. మూడుదినములు మాత్రమే యున్నవానికి ఈ లెక్క ముఖ్యము. వేసవి దినము మన దినమునకు రెట్టింపువలె దోచును. మరియొక మర్యాద కూడ తెలిసియుండవలెను. అంగడిలో నడుగుపెట్టగానే బేరమునకు ముందు ‘బోఁజూర్’ అని పలుకరించుట అచ్చటి యాచారము. పలుకరింపక వస్తువు నడిగినవానిని మర్యాద తెలియనివానిగా నెంచుదురు.

మొదటి దినము: దీవియు, కోటయు

పారిసు నగరము సేన్ నదియొడ్డున బుట్టినది. నది నడుమనున్న చిన్న దీవిచుట్టును ‘పరీసీ’ అను తెగవారు నివసించిరి. రోమనులు ఆ యూరిని ‘లుటీషియా’ యనిరి. తెగపేరే తరువాత నగరమునకు నిలిచెను. ఆ దీవిపై నోత్రుదాము అను మహాదేవాలయము కలదు. దాని నిర్మాణము 1163లో నారంభమయ్యెనని చెప్పుదురు.

1163 అను సంవత్సరము తెలుగు విద్యార్థి చెవిని బడగానే యతడు నిలిచి ఆలోచింపవలెను. హనుమకొండ వేయిస్తంభముల గుడిలో కాకతి రుద్రదేవుని శాసనము ఆ సంవత్సరపుదే. రుద్రదేవుడు పొలవాస ప్రభువైన మేడరాజును జయించిన సంగతి ఆ శాసనమున వర్ణింపబడినది. పొలవాసయే నేటి పొలాస, జగిత్యాల పొరుగూరు. అచ్చట సేన్ నదీద్వీపమున ఫ్రెంచి శిల్పులు రాళ్లు చెక్కుచున్న కాలముననే, ఇచ్చట ఓరుగల్లు సీమలో తెలుగు శిల్పులు నల్లరాతిని అద్దమువలె నునుపు చేయుచుండిరి. వీరి మాట వారికి తెలియదు, వారి మాట వీరికి తెలియదు.

2019 ఏప్రిల్ 15న నోత్రుదాము పైకప్పునకు నిప్పంటుకొనెను. వందలయేండ్లనాటి కొయ్యదూలములు దగ్ధమయ్యెను, శిఖరము కూలెను. రాతి గోడలును గంటల గోపురములును నిలిచెను. పునర్నిర్మాణమునకు సుమారు రెండువేల ఓక్ వృక్షములను ఫ్రాన్సులోని అడవులనుండి దెచ్చిరి. వడ్రంగులు పాతకాలపు పద్ధతిని విడువక దూలములను గొడ్డళ్లతో చెక్కిరి. ఐదేండ్ల పిమ్మట, 2024 డిసెంబరు 7న ద్వారములు మరల తెరువబడెను. అదే సంవత్సరము మార్చినెలలో, హనుమకొండలో పూర్వము విప్పదీసిన కల్యాణమండపము తిరిగి నిలబెట్టబడి ప్రజలకు తెరువబడెను. ఒకే సంవత్సరపు జ్ఞాపకము గల రెండు కట్టడములు ఒకే సంవత్సరమున మరల లేచినవి. పాతవానిని నిలుపుటకు ధనముతోపాటు పాత చేతిపనులు తెలిసినవారు కూడ నుండవలెనని రెండుచోట్లను రుజువైనది.

అచ్చటినుండి నదివెంట నడచినచో లూవ్రు భవనము వచ్చును. లూవ్రు నేడు ప్రపంచప్రసిద్ధమైన కళాప్రదర్శనశాల. మంగళవారము మూసియుందురు కావున యాత్రికుడు దినమును జూచుకొని పోవలెను. జనులు మోనాలీసా చిత్రముముందు గుంపుగూడుదురు. కాని కోటను జూచి వచ్చిన విద్యార్థి మొదట నేలమాళిగలోనికి దిగవలెను. అచ్చట పాతకాలపు రాతిగోడ మొదళ్లును, ఎండిన కందకమును కనబడును. లూవ్రు మొదట కోట! ఫిలిప్ ఆగస్తు అను రాజు సుమారు 1190లో నగరరక్షణకై దానిని కట్టించెను. తరువాత అది రాజభవనమయ్యెను. ఫ్రెంచి విప్లవకాలమున 1793 ఆగస్టు 10న ప్రజలకు ప్రదర్శనశాలగా తెరువబడెను. 1980వ దశకమున త్రవ్వకములు జరిపి పూడిపోయిన కోటమొదళ్లను వెలికిదీసిరి. నేడు సందర్శకులు కందకములోనే నడచి పోవుచుందురు.

ఆంధ్రదేశపు వస్తు వొకటి కూడ లూవ్రు సంపదలోనిదే. కృష్ణాతీరమున కొల్లూరు గనిలో 1698లో దొరికిన వజ్రమొకటి మదరాసు గవర్నరగు తామసు పిట్టు చేతికి వచ్చి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మబడెను. అందుచే దానికి ‘రీజెంటు వజ్ర’ మని పేరు. బరువు 140 కారట్లకు పైచిలుకు. 1887 నుండి అది లూవ్రునకు చెందినది. 2025 అక్టోబరు 19న ఆభరణములుంచిన మందిరమున దొంగలు పడి ఎనిమిది నగల నపహరించిరి. రీజెంటు వజ్రము మాత్రము వారి చేత బడలేదు. పారిసులో బుట్టిన టావెర్నియే అను వర్తకుడు 17వ శతాబ్దిలో గోలకొండకు వచ్చి కొల్లూరు గనిని కన్నులార జూచి, అరువదివేలమంది స్త్రీలు, పురుషులు, పిల్లలు అచ్చట పనిచేయుచుండిరని వ్రాసెను. వజ్రమునకు పేరు మిగిలినది. త్రవ్వినవారిలో ఒక్కరి పేరును మిగులలేదు. కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు ముంపు ప్రాంతమున నున్నది.

రెండవ దినము: కనబడని ప్రాకారము

రెండవదినమున యాత్రికుడు, వోబాను కోటలకు పుట్టినిల్లగు రాజధానిలో నక్షత్రకోటగోడ యెక్కడ నున్నదని వెదకును. వెదకి ఆశ్చర్యపడును. జగిత్యాలలో నున్నది పారిసులో లేదు!

కారణ మిది. పారిసు చుట్టును పలుమారులు గోడలు కట్టబడెను. నగరము పెరిగినకొలది పాతగోడ లోపల బడుచు, క్రొత్తగోడ వెలుపల లేచుచు వచ్చెను. 1670లో పదునాల్గవ లూయీ, సరిహద్దులలో వోబాను కట్టు కోటలే రాజ్యమును కాపాడునను ధైర్యముతో, రాజధాని గోడలను కూల్పించి, ఆ స్థలమున చెట్లు నాటించి వెడల్పైన నడకబాటలు వేయించెను. ఆ బాటలను ‘బూల్వారు’ లందురు. ఈ మాటకు మూలము ‘కోటబురుజు’ అను అర్థముగల పాత డచ్చి శబ్దము. నేడు కాఫీ దుకాణములతోను నాటకశాలలతోను నిండిన ఆ వీథులలో నడచువాడు, తెలియకయే కోటగోడపై నడచుచున్నాడు. పాత నగరద్వారములున్న చోట 1672లో సెయింటు డెనీ తోరణమును, 1674లో సెయింటు మార్టిను తోరణమును కట్టిరి. గోడలు లేని ద్వారములు నేటికిని నిలిచియున్నవి.

కథ అంతటితో ముగియలేదు. 1841–44 సంవత్సరములలో పారిసు చుట్టును మొనదేలిన బురుజులతో మరల నొక మహాప్రాకారము కట్టబడెను. 1870 సెప్టెంబరులో ప్రష్యా సైన్యములు నగరమును ముట్టడించినవి. గోడ కూలలేదు, కాని లోపల తిండి లేకపోయెను. జనులు గుఱ్ఱములను, పిల్లులను, ఎలుకలను తినిరి. జంతుప్రదర్శనశాలలోని రెండు ఏనుగులను గూడ చంపి మాంసము నమ్మిరి. నాలుగు మాసములు గడచిన పిదప 1871 జనవరిలో నగరము లొంగిపోయెను. గోడ శత్రువు నాపగలదు, ఆకలి నాపలేదు. 1919 నుండి పది సంవత్సరములలో ఆ ప్రాకారమును గూడ పడగొట్టిరి. ఒకటి రెండు శకలములు మాత్రము మిగిలినవి. నేడు దాదాపు ఆ చోటనే నగరముచుట్టును వాహనములు తిరుగు పెద్దరోడ్డు కలదు.

మరి వోబాను కోటల నెక్కడ జూడవలెను? ‘అన్వాలీదు’ భవనమున. యుద్ధములలో అంగవికలురైన సైనికుల నివాసమునకై దానిని పదునాల్గవ లూయీ కట్టించెను. నెపోలియను సమాధి యందే కలదు. 1808లో నెపోలియను ఆజ్ఞచే వోబాను హృదయమును గూడ నచ్చటికి దెచ్చి యుంచిరి. భవనపు పై అంతస్తున కోటల నమూనాల ప్రదర్శనశాల కలదు. 1668లో ఆరంభించి రెండువందల యేండ్లు ఫ్రాన్సు సరిహద్దులలోని కోటలకు, కోటపట్టణములకు కొయ్య, కాగితము, ఇసుక, పట్టు మొదలగువానితో నమూనాలు చేయించిరి. ఆరువందల అడుగుల నేల నమూనాలో ఒక్క అడుగు. ప్రతియిల్లు, ప్రతిచెట్టు, ప్రతి కందకము అందు కనబడును. రాజు యుద్ధభూమికి పోకయే బల్లపై కోటను జూచి ఆలోచించుటకు అవి యుద్దేశింపబడినవి. కావున అవి రాజ్యరహస్యములు. పరులకు చూపెడివారు గారు. నేడు పాఠశాల పిల్లలు వాని చుట్టును తిరుగుదురు. సుమారు నూరు నమూనాలు మిగిలియున్నవి.

ఫ్రెంచివారు తమ రాజధానిలో నిజమైన కోటను కూల్చి నమూనాను భద్రపరచిరి. జగిత్యాలలో నమూనా లేదు, కోటయే యున్నది. ఈ రెంటిలో ఏది గొప్ప భాగ్యము? కోటను నిలుపుకొన్నంతకాలము రెండవదియే. రాయి జారి, చెట్లవేళ్లు గోడలో జొరబడి, కందకము పూడిపోయినచో, మనకు నమూనాయు మిగులదు.

మూడవ దినము: మగ్గమును, గోపురమును

సిరిసిల్ల పిల్లవాడు పారిసులో తప్పక చూడవలసినది మరియొకటి కలదు. అది యంత్రకళల ప్రదర్శనశాల. 1794లో స్థాపింపబడిన ఆ సంస్థయందు 18వ శతాబ్దిలో వోకాన్సను అను యంత్రశిల్పి చేసిన మగ్గము కలదు. లియోను నగరవాసియగు జాకార్డు అను నేతకారుని కుమారుడు ఆ సంస్థకు వచ్చి, పాడైయున్న ఆ మగ్గమును పరిశీలించి, దానిలోని సూత్రమును మెరుగుపరచి, 1804లో తన యంత్రమును సిద్ధపరచెను.

జాకార్డు యంత్రపు కిటుకు చిన్నది. అట్టముక్కలకు రంధ్రములు చేసి వరుసగా కుట్టి, మగ్గముపై తిప్పుదురు. రంధ్రమున్నచోట సూది లోనికి పోవును. దానికి సంబంధించిన పడుగుపోగు పైకి లేచును. రంధ్రము లేనిచోట లేవదు. నాడె ఆ సందులోనుండి పేకను లాగుకొని పోవును. ఏ పోగు లేవవలెనో ఏది లేవరాదో అట్టముక్క చెప్పుచుండుటచే, పువ్వు, లత, నెమలి తమంత తామే గుడ్డపై వెలయును. ‘రంధ్రము కలదు – లేదు’ అను ఈ రెండు మాటల భాషయే తరువాత లెక్కలుకట్టు యంత్రములకును, కంప్యూటరునకును దారిచూపెను.

అయితే యంత్రము పనిని తేలిక చేసినంత మాత్రమున పనివాని బ్రతుకు తేలిక కాలేదు. లియోనులోని పట్టునేతగాండ్రు తాము నేసిన గుడ్డకు కనీసపు కూలిరేటు నిర్ణయింపవలెనని కోరి, అది నిలువకపోగా 1831లో తిరుగుబాటు చేసిరి. ఆ గోడు సిరిసిల్లకు తెలియనిది గాదు. అచ్చట మరమగ్గమును ‘సాంచె’ యందురు. భివండి, షోలాపూరు పట్టణములకు వలసపోయి సాంచెపని నేర్చినవారు ఆ పట్టణమున నెందరో కలరు. నేసిన గుడ్డ కొలతనుబట్టి కూలి. నూలుధర పెరిగినను, గుడ్డకు గిరాకి తగ్గినను, దెబ్బ మొదట తగులునది సాంచె నడుపువానికే. అప్పుల బాధ తాళలేక ప్రాణములు పోగొట్టుకొన్న నేతకార్మికుల కుటుంబములు అచ్చట కలవు. 2017 నుండి కొన్నియేండ్లు బతుకమ్మ చీరల పని ప్రభుత్వమునుండి లభించినపుడు సాంచెలు ఎడతెగక మ్రోగినవి. పని తగ్గినపుడు వీథులు మూగపోయినవి. నేర్పునకు మాత్రము సిరిసిల్లలో కొరత లేదు. అగ్గిపెట్టెలో నిమిడెడి చీరను నేసిన ఖ్యాతి ఆ యూరిది. 2022లో వెల్ది హరిప్రసాదు అను సిరిసిల్ల నేతకారుడు జి–20 చిహ్నమును చేమగ్గముపై నేసి పంపగా, ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున దానిని మెచ్చుకొనెను.

పారిసులోనే ‘గోబ్లే’ అను నేతశాల కలదు. 1662 నుండి అది రాజుల యాజమాన్యమునను, తరువాత ప్రభుత్వ యాజమాన్యమునను నడచుచున్నది. అచ్చటి నిలువుమగ్గముపై నేతగాడు గుడ్డకు వెనుకవైపున గూర్చుండి, ఎదుట నుంచిన అద్దములో ముందువైపును జూచుకొనుచు చిత్రమును నేయును. ఒక చదరపు మీటరు నేయుటకు మాసములు పట్టును. ఆ గుడ్డ సంతలో నమ్ముడుపోవునా యను భయము నేతగానికి లేదు. ప్రభుత్వము జీతమిచ్చి ఆ విద్యను బ్రతికించుచున్నది. నేర్పు రెండు చోట్లను కలదు. నేర్పునకు నిలకడయైన కూలి దొరకుట యొక చోటనే కలదు.

సాయంకాలమునకు ఐఫిల్ గోపురము మిగులును. ఫ్రెంచి విప్లవపు నూరవయేట, 1889లో, వస్తుప్రదర్శనమునకై దానిని కట్టిరి. ఇరువదియేండ్లు మాత్రము నిలుపుటకు అనుమతి. తరువాత తీసివేయవలసినదే, కాని తంత్రిలేని తంతివార్తలు పంపుటకు అది యక్కరకు వచ్చుటచే బ్రతికిపోయెను. నేడు దాని యెత్తు 330 మీటర్లు. పైకి ఎక్కుటకు తొందరపడక, ముందు మొదటి అంతస్తు క్రింద చుట్టును వ్రాసియున్న అక్షరములను చదువవలెను. అందు 72 పేర్లున్నవి. రాజుల పేర్లు గావు, సేనాపతుల పేర్లు గావు. శాస్త్రజ్ఞుల పేర్లు, ఇంజనీర్ల పేర్లు. విజ్ఞానశాస్త్ర పాఠములలో కనబడు ఆంపియరు, కూలుంబు, లావోజియే అచ్చట కనబడుదురు. 1889లో వ్రాసిన ఆ పేర్లలో ఒక్క స్త్రీ పేరును లేదు. లోహఫలకముల కంపనమునుగూర్చి పరిశోధన చేసి 1816లో ఫ్రెంచి శాస్త్రపరిషత్తు బహుమానము నందిన సోఫీ జెర్మేను పేరు కూడ అందు జేరలేదు. గొప్ప కట్టడమున ఏమి వ్రాసియున్నదో చదువుట ఒక పాఠము. ఏమి వ్రాయకపోయిరో గమనించుట మరియొక పాఠము.

తిరిగి వచ్చిన పిమ్మట

మూడుదినములలో పారిసు నంతయు జూచితినని ఎవడును చెప్పజాలడు. కాని దీవి, కోట, గోడ, మగ్గము, గోపురము – ఈ యైదింటిని ఆలోచనతో జూచినవాడు, నూరు వింతలను పరుగెత్తి చూచినవానికన్న ఎక్కువ తెలిసికొనును. తెలిసినదానితో తెలియనిదానిని ముడిపెట్టుటయే చూచుట. పొలాస పేరు తెలియనివానికి 1163 ఒక అంకె మాత్రమే. సాంచె చప్పుడు విననివానికి జాకార్డు మగ్గము ఒక పాత కొయ్యసామాను మాత్రమే.

పారిసుకు పోవు భాగ్యము అందరికిని కలుగదు. అందుకు చింతింప బనిలేదు. జగిత్యాల కోట దగ్గరనే యున్నది. ఒక దినము ఉపాధ్యాయునితో గలిసి అచ్చటికి పోయి, ఒక బురుజుపై నిలిచి పొరుగు బురుజు వైపు చూడవలెను. దాని మొదలు కనబడుచున్నదా? దాగుటకు చోటేమైన కలదా? కందకము వెడల్పెంత? ఏ గోడలో చెట్లు మొలచినవి? ఏ రాళ్లు జారినవి? కాగితముపై కోట పటమును గీసి, ఈ సంగతులన్నియు గుర్తించి, పాఠశాలలో నుంచవలెను. మూడువందలయేండ్లకు పూర్వము ఒక రాజు ఎంతో ధనము వెచ్చించి చేయించిన పనియే అది. ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఒక కాగితము, ఒక పెన్సిలు, ఒక కొలత త్రాడుతో దానిని చేయగలరు.

ప్రశ్నలు

1. గుండ్రని బురుజులోని లోపమేమి? మొనదేలిన బురుజు దానిని ఎట్లు తీర్చినది? పటము గీసి వివరింపుడు.
2. 1163, 2024 సంవత్సరములకు పారిసులోను హనుమకొండలోను గల ప్రాముఖ్యమును దెల్పుడు.
3. పారిసు కోటగోడలు వీథులుగా మారిన విధమును మీ మాటలలో వ్రాయుడు.
4. జాకార్డు మగ్గము పనిచేయు విధమును వివరింపుడు. గోబ్లే నేతగానికిని సిరిసిల్ల సాంచె కార్మికునికిని గల భేదమేమి?
5. “గోడ శత్రువు నాపగలదు, ఆకలి నాపలేదు.” ఈ వాక్యము ఏ సందర్భమున చెప్పబడినది?
6. మీ యూరిలో నున్న ఒక పాత కట్టడమును జూచి, అది యెవరిచే ఎప్పుడు కట్టబడినదో పెద్దలనడిగి తెలిసికొని, దాని ప్రస్తుత స్థితినిగూర్చి ఒక పుటకు మించకుండ వ్రాయుడు.